ఎవరి ఖర్చుతో సేవ?

భద్రాచలం గుడి కట్టించినాయన రెవెన్యూ ఉద్యోగి. మనం రామదాసు అని పిలుచుకునే కంచర్ల గోపన్నది నేలకొండపల్లి. పదిహేడో శతాబ్దంలో గోల్కొండ నవాబు తానీషా ఏలుబడిలో పాల్వంచ పరగణాకు తహసీల్దారు. మేనమామలు అక్కన్న, మాదన్నలు నవాబు కొలువులో పెద్ద పదవుల్లో ఉండేవారు కాబట్టి ఉద్యోగం రావడం కష్టం కాలేదంటారు. జనం దగ్గర వసూలు చేసిన శిస్తు ఖజానాకు వెళ్లకుండా గుడికీ, దేవుడి నగలకూ ఖర్చయింది. నవాబు లెక్క అడిగాడు. గోపన్న దగ్గర డబ్బు లేదు. పన్నెండేళ్లు ఖైదు. గోల్కొండ కోటకు వెళితే ఆయన ఉన్న కొట్టు ఇప్పటికీ చూపిస్తారు. చివరికి రామలక్ష్మణులే మారువేషంలో వచ్చి ఆరు లక్షల మొహరీలు కట్టి విడిపించారని కథ.

ఆయన కీర్తనల్లో 'ఇక్ష్వాకు కులతిలక' తెలియని తెలుగువాళ్లు తక్కువ. చెరసాలలో కొరడా దెబ్బలు తింటూ పాడిందంటారు. మోక్షం అడగడు, దర్శనం అడగడు. లెక్క చెప్తాడు. ప్రాకారానికి ఇంతయింది, సీతమ్మ చింతాకు పతకానికి ఇంత పట్టింది, లక్ష్మణుడి ముత్యాల పతకానికి ఇంత. పద్దు మీద పద్దు. అచ్చం జమాబందీలో కూర్చున్న రెవెన్యూ మనిషిలా. ఆపైన దేవుణ్ని తిడతాడు, వెంటనే దెబ్బలకు ఓర్వలేక తిట్టానయ్యా, ఏమీ అనుకోకు అని బతిమాలతాడు. అంత గొప్ప భక్తుణ్ని కూడా ఆ లెక్క వదల్లేదు. ఎందుకు వదల్లేదంటే, ఖర్చుపెట్టిన డబ్బు ఆయనది కాదు.

ఈ కథ విని భక్తులుగా కళ్లు తుడుచుకుంటాం, బాగానే ఉంది. నెల జీతగాళ్లుగా మాత్రం ఇందులోంచి ఒక ప్రశ్న తీసుకోవాలని నేను చాన్నాళ్లుగా అనుకుంటున్నాను. దేవుడి సేవ సరే, అది ఎవరి ఖర్చుతో జరుగుతోంది?

ముప్పై అయిదు, నలభై దాటిన ఉద్యోగస్తుల్లో చాలామందికి ఒక నాటికి ఒక వెలితి తెలుస్తుంది. ఇంక్రిమెంటు సంతోషం ఆ నెల్లోనే అయిపోతుంది. ప్రమోషన్ వస్తే కొత్త కుర్చీతోపాటు కొత్త పోటీ కూడా వస్తుంది. ఫ్లాటు కొన్నాక తోటివాడి విల్లా కనిపిస్తుంది. ఇంత పరుగూ ఎందుకని అనిపించి, ఇక నా కోసం కాదు, దేవుడి కోసం బతకాలి అనుకుంటారు. మంచి ఆలోచనే. కానీ దాన్ని సోమవారం ఉదయం ఆఫీసులోకి ఎలా తీసుకెళ్లాలో చెప్పేవాళ్లు తక్కువ. ప్రవచనాలు చెప్పేవాళ్లు కర్మయోగం అనే మాట దగ్గర ఆపేస్తారు. వ్యక్తిత్వ వికాసం క్లాసులవాళ్లు 'మీ గోల్ ఏంటి' అన్న దగ్గర మొదలుపెడతారు. మధ్యలో ఉండేది మన ఆఫీసు.

కాబట్టి ఆఫీసులోకే వద్దాం. ఏదో ఒక మండలాఫీసు అనుకోండి. బీరువా పక్కన వేంకటేశ్వరస్వామి పటం, దాని మీద పొద్దున పెట్టిన మందారం. కంప్యూటర్‌కు పసుపు, కుంకుమ బొట్లు. అగరొత్తిలోంచి ఇంకా పొగ వస్తోంది. సీట్లో ఉన్నాయన శనివారాలు ఒంటిపూట, మడిగా ఉండే మనిషి. బల్లకు ఇవతల ఒకావిడ ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసం నిలబడింది. భర్త పోయి మూడు నెలలైంది, బ్యాంకులో ఆయన పేరున ఉన్న డబ్బు తీయాలంటే ఆ కాగితం కావాలి. ఆధార్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో ఇంకో పేరు. 'ఇది సరిపోదమ్మా, అఫిడవిట్ తీసుకురా' అన్నాడు. రెండోసారి వచ్చింది. 'ఇద్దరు సాక్షుల ఆధార్ జిరాక్సులేవి?' అన్నాడు. మూడోసారి వచ్చింది. 'సర్వర్ డౌన్, రేపు రా.' ప్రతిసారీ ఆటో చార్జీ, ప్రతిసారీ ఒక రోజు కూలి.

ఆయన లంచం అడగలేదు, గమనించండి. చెడ్డవాడు కూడా కాదు. దేవుడు పటంలో ఉన్నాడని, బల్లకు ఇవతల నిలబడింది 'పబ్లిక్' అని ఆయన నమ్మకం. ఆ రెంటికీ మధ్య సంబంధం ఉందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. పొద్దున పదిన్నర దాకా సాగే పూజకు, మధ్యలో ప్రవచనం వీడియోలకు, అయ్యే ఖర్చును ఆమె కూలి డబ్బుల్లోంచి కడుతోంది.

ఇక్కడ సేవ మొదలుపెట్టడానికి దీక్ష అక్కర్లేదు. మొదటిసారి వచ్చినప్పుడే కావలసిన కాగితాలన్నీ ఒక చీటీ మీద రాసిస్తే చాలు, రెండు ప్రయాణాలు తప్పుతాయి. సర్వర్ పనిచెయ్యకపోతే ఫోన్ నంబరు రాసుకుని, వచ్చాక కబురు చెయ్యొచ్చు. కట్టలో పైనున్న ఫైలు కాకుండా అన్నిటికన్నా పాతది ముందు తీయొచ్చు. వీటికి పై అధికారి అనుమతి వద్దు, బడ్జెట్ వద్దు. ఎవరూ మెచ్చుకోరు కూడా. సేవ అనడానికి ఆ ఒక్క అర్హత చాలదూ?

దీక్ష మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. అయ్యప్ప మాల వేసుకున్న ఉద్యోగిని మండలం పాటు చూడండి. చెప్పుల్లేకుండా వస్తాడు, నేల మీద పడుకుంటాడు, నోట్లోంచి దురుసు మాట రాదు. అటెండరునీ, క్యాంటీను కుర్రాణ్నీ, సంతకం కోసం వచ్చిన రైతునూ ఒకే పిలుపు: 'స్వామీ'. ఎదుటి మనిషిని దేవుడి పేరుతో పిలవడం ఆ దీక్షలో నాకు అన్నిటికంటే నచ్చే నియమం. ఇరుముడి దించి, మాల తీసిన మర్నాడు అటెండరు మళ్లీ 'ఒరేయ్' అయిపోతాడు. నల్లబట్టలు మడిచి పెట్టెలో పెట్టుకోండి, తప్పులేదు. ఆ పిలుపులోని మర్యాదను మాత్రం ఏడాదంతా ఉంచుకోమని నా మనవి.

ప్రభుత్వోద్యోగుల సంగతి ఒకటైతే ప్రైవేటు వాళ్ల ఇబ్బంది ఇంకోటి. వాళ్లకు టార్గెట్లుంటాయి. బ్యాంకులో పనిచేసే అమ్మాయి దగ్గరికి రిటైరైన మాస్టారు ఫిక్స్‌డ్ డిపాజిట్ రెన్యువల్‌కు వస్తారు. మార్చి నెల. పైనుంచి రోజుకు నాలుగు ఫోన్లు: బీమా పాలసీలు ఎన్నయ్యాయి? మాస్టారు ఈ అమ్మాయిని నమ్ముతారు, ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతారు. నోరు మెదపకుండా యులిప్ ఫారం ముందుకు జరిపితే టార్గెట్ పూర్తవుతుంది. 'మాస్టారూ, ఇది డిపాజిట్ కాదండీ, బీమా. ప్రీమియం ఏటా కట్టాలి, అయిదేళ్ల దాకా డబ్బు తియ్యడానికి లేదు. తీసుకున్నాక వద్దనుకుంటే పాలసీ చేతికొచ్చిన 30 రోజుల్లో వెనక్కి ఇచ్చెయ్యొచ్చు' అని చెప్తే బహుశా ఆయన తీసుకోరు. అప్పుడు సమీక్షలో మాట పడేది ఈ అమ్మాయి.

నా లెక్కలో ఆ మూడు వాక్యాలు చెప్పడం అర్చనే. దాని ఖర్చు ఎవరి మీద పడిందో చూడండి, చేసిన మనిషి మీదే పడింది. అందుకే అది కష్టం. దేవుడి కోసం బతకాలనుకునేవాళ్లకు ఉద్యోగంలో అసలు పరీక్ష ఇలాంటి చోటే వస్తుంది, అందులో నెగ్గితే ప్రమోషన్ ఆలస్యం కావచ్చు. కాదని అబద్ధం చెప్పను. నిజాయితీగా ఉంటే దేవుడే పైకి తీసుకొస్తాడని భరోసా ఇచ్చేవాళ్ల మాటలు నాకు మింగుడుపడవు. దేవుణ్ని మళ్లీ ప్రమోషన్ కోసమే కొలిచినట్టవుతుంది కదా.

మరైతే ప్రమోషన్ వద్దనుకోవాలా, ఆశే ఉండకూడదా? పన్నెండో శతాబ్దపు కల్యాణ పట్టణంలో దీనికి మంచి జవాబొకటి ఉంది. బిజ్జలుడి కొలువులో బసవేశ్వరుడు భండారాన్ని చూసే మంత్రి. పాల్కురికి సోమన తెలుగులో బసవపురాణం రాశాడు కాబట్టి ఆయన మనకు కొత్త కాదు. చేసే పనే పూజ, దాన్ని కాయకం అన్నారు. వచ్చినదాన్ని నలుగురికీ పెట్టడం దాసోహం. ఆయన వెంట నడిచిన శివభక్తులైన శరణుల్లో ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతులు ఉన్నారు. వీధిలో ఒలికిపోయిన బియ్యపు గింజలు ఏరి తెచ్చి, వండి జంగములకు పెట్టడం వాళ్ల కాయకం. ఒకరోజు మారయ్య రోజూకంటే ఎక్కువ బియ్యం తెచ్చాడు. లక్కమ్మ మూట చూసి, ఇంత ఎందుకు తెచ్చావు, ఈ ఆశ రాజులకుండాలిగానీ శివభక్తుడికేల అని నిలదీసింది. తెచ్చిన చోటే పోసి రమ్మంది. ఆయన వెళ్లి పోసి వచ్చాడు.

ఆవిడ పని మానమనలేదు. పేదరికమే గొప్పదనీ అనలేదు. ఆ పూట ఎంతమందికి పెట్టాలో ఆవిడకు తెలుసు, దానికి ఎంత కావాలో తెలుసు. మన ఇళ్లల్లో లేనిది ఆ లెక్కే. జీతం ఎంత పెరగాలని అడిగితే అందరూ చెప్తారు, ఎంతైతే చాలని అడిగితే నీళ్లు నములుతారు. ఒక ఆదివారం భార్యాభర్తలిద్దరూ కూర్చుని కాగితం మీద రాయండి: ఇంటి ఈఎంఐ, పిల్లల ఫీజులు, పెద్దవాళ్ల మందులు, ఇంటిల్లిపాదికీ ఆరోగ్య బీమా, ఆరు నెలలకు సరిపడా ఖర్చు పక్కన, ముసలితనానికి కొంత. కింద వచ్చిన అంకె మీ 'చాలు'. దానికి ఇంకా దూరంలో ఉంటే సంపాదించండి, మొహమాటం వద్దు. సంసారానికి తిండి పెట్టడమూ దేవుడు అప్పగించిన పనే. దాన్ని దాటారా, ఇక ఆపై వచ్చే ప్రతి అవకాశాన్నీ వేరే చూపుతో చూడొచ్చు. ఆ పదవిలో కూర్చుంటే కిందివాళ్లకు వేళకు సెలవులు, న్యాయమైన బదిలీలు ఇవ్వగలనా? అయితే తప్పకుండా తీసుకోండి. కాదని మొహం చాటేస్తే ఆ కుర్చీలో ఇంకెవరు కూర్చుంటారో ఆలోచించండి. వినయం పేరుతో బాధ్యత తప్పించుకోవడం మన దగ్గర ఎక్కువే.

బ్యాంకు అమ్మాయికి ధైర్యం వచ్చేది కూడా ఈ అంకె నుంచే. నెత్తి మీద మూడు అప్పులున్న మనిషి టార్గెట్‌కు ఎదురు చెప్పలేదు.

మిగిలినదాన్ని ఇవ్వడంలో క్రైస్తవులకూ ముస్లింలకూ ఒక క్రమం ఉంది. చర్చికి దశమభాగం తీసిపెట్టే కుటుంబాలు మన పల్లెల్లో ఎన్నో. జకాత్ అయితే నిర్ణీత పరిమాణం దాటి ఏడాది పాటు నిలిచిన సంపద మీద నూటికి రెండున్నర. హిందువుల్లో చాలామందిమి బోనస్ వస్తే హుండీలో, రాకపోతే వచ్చే ఏడు చూద్దాంలే అన్న పద్ధతి. నెలనెలా కొంత తీసిపెట్టడం ఎవరికైనా నేర్చుకోదగ్గదే. రశీదు తీసుకోండి. నగదు రూపంలో 2,000 రూపాయలు దాటి ఇచ్చే విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు అసలే రాదు. పేరు వేయించుకోకండి. గుళ్లో ట్యూబ్‌లైట్ల మీద, ఫ్యాను రెక్కల మీద దాతల పేర్లు చూసినప్పుడల్లా నాకనిపిస్తుంది, వదిలేశామనుకున్న పదవీ కాంక్ష చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చేసిందని. ఆలయ కమిటీ ఎన్నికల్లో జరిగే రాజకీయం ఏ ఆఫీసుకూ తీసిపోదు.

ఇంకో ఖర్చుంది, ఎవరూ లెక్క రాయనిది. శనివారం భజన, ఆదివారం నగర సంకీర్తన, పండక్కి వారం రోజుల సేవ. భర్త వెళ్తాడు. ఇంట్లో పిల్లల చదువు, అత్తగారి ఇన్సులిన్, గ్యాస్ బుకింగ్ భార్య చూసుకుంటుంది. ఆమె కూడా ఉద్యోగమే చేస్తుంటుంది. ఆయనకు భక్తుడని పేరు వస్తుంది. ఆ సేవ ఎవరి ఖర్చుతో జరిగింది? ఉద్యోగం చేసే ఆడవాళ్లకు నేను చెప్పేది కొంచెం వేరు. ఆఫీసు, వంట, పిల్లలు, పెద్దలు, మీద నోములు, వ్రతాలు. వీటి మీద ఇంకొక సేవ తెచ్చిపెట్టుకోకండి. దేవుడు మీ దగ్గర మూడో షిఫ్టు అడగడం లేదు.

కోనసీమలో డొక్కా సీతమ్మగారి గురించి చెప్పుకునే ముచ్చట ఒకటుంది. లంకల గన్నవరంలో వాళ్లిల్లు. గోదావరి పాయలు దాటి వచ్చే బాటసారులకు వేళాపాళా లేకుండా అన్నం వండి పెట్టిన ఇల్లాలు. ఎన్నో ఏళ్ల కోరిక తీర్చుకుందామని అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయల్దేరారు. దారిలో ఆగినచోట ఎవరో పెళ్లివారు, ఆకలితో ఏడుస్తున్న పిల్లల్ని ఊరడిస్తున్నారు, ఇంకాసేపట్లో సీతమ్మగారి ఇంటికి చేరతాం, అక్కడ అన్నం తినొచ్చులే అని. ఆవిడ ఆ మాట విని అక్కణ్నుంచే వెనక్కి తిరిగి, వాళ్లకంటే ముందు ఇల్లు చేరి పొయ్యి వెలిగించారు. అంతర్వేది స్వామి ఏమీ అనుకోలేదు. 1909లో ఆవిడ పోయారు. ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేకం వేడుకకు పిలుపొస్తే వెళ్లలేదంటారు. ఇప్పుడు గన్నవరం అక్విడక్టుకు ఆవిడ పేరు, ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరు. ఆవిడ ఏ ఫ్యాను రెక్క మీదా రాయించుకున్నది కాదు.

ఇక ఉద్యోగం మానేసి పూర్తిగా సేవకే వెళ్దామనుకునేవాళ్లు. అలాంటివాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఒకరో ఇద్దరో ఉంటారు. వద్దని చెప్పే హక్కు నాకు లేదు. రాజీనామా రాసేముందు మాత్రం సర్వీసు లెక్క చూసుకోండి. పర్మనెంటు ఉద్యోగికి గ్రాట్యుటీ రావాలంటే సాధారణంగా అయిదేళ్లు నిండాలి. పీఎఫ్ పింఛనుకు పదేళ్ల సర్వీసు ఉండాలి. తొమ్మిదేళ్లు చేసి ఆవేశంలో వెళ్లిపోయి తర్వాత బాధపడటం ఎందుకు? కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది కాబట్టి సొంత పాలసీ ముందే తీసుకోండి. అప్పులు తీర్చండి. ఇంట్లోవాళ్లతో కూర్చుని మాట్లాడండి, వాళ్లు ఊరుకున్నారు కదా అని ఒప్పుకున్నట్టు లెక్కేసుకోకండి. మీరు వెళ్లిపోయాక ఫీజు కట్టేది తమ్ముడైతే, అది తమ్ముడి సేవ, మీది కాదు.

ఒకటి రెండు రిహార్సళ్లు చేసుకోండి. తిరుమలలో శ్రీవారి సేవ 2000లో మొదలైంది. ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుని వారం రోజులు స్వచ్ఛందంగా పనిచేసి రావచ్చు. వేసే పని చేయాలి. వెంగమాంబ అన్నప్రసాద భవనంలో వడ్డన, కూరగాయలు తరగడం, క్యూలో పిల్లలకు పాలు, నీళ్లు అందించడం. బ్యాంకుల వాళ్లకూ ప్రభుత్వోద్యోగులకూ పరకామణి సేవ ఉంది, హుండీ నోట్లూ చిల్లరా వేరుచేసి లెక్కపెట్టే పని. అక్కడ మీ హోదా ఎవరికీ పట్టదు. మీకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు వచ్చి 'అటు నిలబడండి సార్' అంటే అటు నిలబడాలి. మూడో రోజుకల్లా నేనెవరో వీళ్లకు తెలీదే అని లోపల చిరాకు పుడితే, రాజీనామా కాగితం ఇంకో రెండేళ్లు సొరుగులోనే ఉంచండి. తరిగిన ఉల్లిపాయలు ఎవరు తిన్నారో తెలియకపోయినా నిద్ర బాగా పట్టిందంటే, మీ ఆలోచనలో బలం ఉన్నట్టే.

ఆ వారానికి సెలవు మాత్రం మీ ఎర్న్‌డ్ లీవులోంచే పెట్టండి. మీ సీటు ఎవరు చూడాలో వాళ్లకు పనంతా అప్పజెప్పి వెళ్లండి. ఒంట్లో బాగోలేదని సిక్ లీవ్ పెట్టి కొండెక్కకండి.